డాక్టరమ్మ తినలేని చారు

సలోమి డాక్టరుగారికి వంట చేయడమంత సుఖమైన ఉద్యోగం గుంటూరులో ఇంకొకటి లేదని ఆసుపత్రి క్యాంటీనువాళ్ళ అభిప్రాయం. పొద్దున గంజి. మధ్యాహ్నం అన్నం, పక్కన ఉడికించిన బీరకాయో పొట్లకాయో, మీదికి చారు. సాయంత్రం మళ్ళీ అదే. ఈ మాత్రం దానికి ఒక వంటమనిషి, ఆవిడకి విడిగా ఒక వంటిల్లు, దానికో తాళం! “ఏం రత్నమ్మా, ఇవాళ డాక్టరుగారికి స్పెషలేంటి? అన్నంలో చారా, చార్లో అన్నమా?” అని దారికి అడ్డంపడి మరీ అడిగేవారు.

కనకరత్నం నవ్వేసి వెళ్ళిపోయేది. వంటింటి తలుపు తీసి, పొయ్యి ఎదురుగా గోడ మీదున్న జాబితా చూసేసరికి ఆ నవ్వు కాస్తా ఆరిపోయేది.

ఆ జాబితా సుద్దముక్కతో ఆవిడే రాసింది. పదహారు వరసలు. మొదటి వరసలో పాలు, పక్కన తెనాలి పిల్లవాడు అభిరామ్ పేరు. కోడిగుడ్డు పక్కన ఇద్దరు కవలలు. రొయ్యలకెదురుగా నిజాంపట్నం నుంచి వచ్చిన పడవవాళ్ళ పిల్ల జసింత. గోధుమ, వేరుశనగ, కందిపప్పు, టమాటా, నిమ్మకాయ... అలా కిందికి దిగింది. ఒక్కో వరసా ఒక పిల్ల బతికి బట్టకట్టిన కథ. డాక్టరమ్మ పళ్ళెంలోంచి ఒక గిన్నె లేచిపోయిన కథ కూడా అదే.

తొమ్మిదేళ్ళ కిందట సలోమి డాక్టరు కనిపెట్టిన పద్ధతికి కాగితాల మీద బారెడు పొడుగు ఇంగ్లీషు పేరుంది. దానికి ‘తోడు’ అని పేరు పెట్టింది రత్నమే. జబ్బుపిల్ల పేగు గోడ నుంచి గొట్టంతో ఆవగింజంత తీసి, ల్యాబులో నాలుగు రోజులు పెంచి, గ్లాసుడు నీళ్ళలో కలిపి పెద్దవాళ్ళు తాగితే, మూడో రోజుకల్లా వాళ్ళ కడుపు ఆ పిల్ల కడుపైపోతుంది. గిన్నెడు పాలలో చెంచాడు మజ్జిగ వేస్తే తెల్లారేసరికి మొత్తం పెరుగైనట్టే. ఆ తర్వాత అనుమానమున్న పదార్థాలు పిల్లకి పెట్టనక్కర్లేదు. పెద్దవాళ్ళు చిటికెడు చొప్పున తిని చూస్తే చాలు. గడ్డి పోచంత పిల్ల ప్రాణం మీదికి తెచ్చే దెబ్బ, పెద్ద ఒంటికి ఒక పూట మంచాన పడే దెబ్బవుతుంది. పైగా పిల్లకి “బొజ్జ నొప్పి” అనడమే వస్తుంది. పెద్దవాళ్ళు ఎక్కడ, ఎలా, ఎప్పుడు అన్నీ చెప్పగలరు.

వారం తిరిగాక మందు తాగి ఆ తోడుని కడిగేసుకోవాలి. అక్కడే ఉంది తిరకాసు. తోడు పోతుంది కానీ, దెబ్బ తగిలిన జ్ఞాపకం పోదు. ఏ పదార్థం పిల్లకి విషమని తేలిందో అది ఆ తోడు తాగినవాళ్ళకి కూడా జన్మంతా విషమే.

కొత్త వైద్యాలకి అనుమతులిచ్చే కమిటీవాళ్ళు సవాలక్ష షరతులు పెట్టారు. ఇంకొకరి కడుపు మీద ఈ పని చేయాలంటే మరో పదేళ్ళు ఆగమన్నారు. “నా కడుపు మీద నాకు అధికారం ఉంది కదా?” అని డాక్టరమ్మ మొదటి గ్లాసు తనే తాగేశారు. అలా మొదలైంది.

రత్నం కొత్తగా చేరినప్పుడు డాక్టరమ్మ తిండిపుష్టి గల మనిషి. అల్లం పచ్చడితో నాలుగు పెసరట్లు తిని, ఐదోది సగం చాలని అంటూ మొత్తం లాగించేవారు. క్రిస్మస్‌కి వాళ్ళమ్మ చేసి పంపే కజ్జికాయల డబ్బాని బీరువాలో దాచుకుని, ఎవరైనా వస్తే బీరువాకి వీపు ఆనించి నిలబడేవారు. అలాంటి మనిషి నోరు కట్టేసుకుంటూ కట్టేసుకుంటూ అన్నం, చారు దగ్గరికి వచ్చి ఆగారు. ఒక్కనాడూ మొహం ముడుచుకోలేదు. “నీ చారు ఉన్నంతకాలం నాకేం లోటు రత్నం?” అనేవారు. ఆ మాట కోసం రత్నం మిరియాలు రోజూ అప్పటికప్పుడు దంచేది.

*

ఇంకే ఆసుపత్రిలోనూ లేని పద్ధతి ఒకటి ఆ డాక్టరమ్మ గదిలో ఉంది. కొత్త పిల్ల వచ్చినప్పుడు నర్సుతోపాటు వంటమనిషికీ కుర్చీ వేసేవారు. “రోగం సంగతి నేను అడుగుతాను, తిండి సంగతి రత్నం అడుగుతుంది” అనేవారు డాక్టరమ్మ. నిజమే. వార్డు పిల్లల వంట కూడా రత్నానిదే. పోపులో ఏ నూనె, పిండి ఏ మరలో ఆడించారు, పచ్చడి జాడీలో ఎవరి చేతి గరిటె పెట్టారు లాంటి ప్రశ్నలు వైద్యం పుస్తకాల్లో ఉండవు.

ఆ బుధవారం చీరాల దగ్గర్నుంచి ఒక చేనేత కుటుంబం వచ్చింది. తండ్రి భావనారాయణ, తల్లి మాధురి, మధ్యలో ఐదేళ్ళ పూజిత. ఆ పిల్ల చంకలో ఒక బట్టబొమ్మ. బొమ్మకి ఎర్రా పచ్చా నూలు పోగులతో అల్లిన పొడుగాటి జడ. పిల్లకంటే బొమ్మే కాస్త పుష్టిగా ఉంది.

“నెలకోసారి వస్తదమ్మా,” అంది మాధురి. “ఒక్కో నెల రెండుసార్లు. ఆడుకుంటా ఆడుకుంటా ఉన్నపళంగా వాంతులు. ఇరవై, ముప్పై. ఇంక లోపలేం ఉండదు, అయినా ఆగవు. ఒళ్ళు చల్లబడిపోయి తోటకూర కాడల్లే వాలిపోద్ది. పోయినసారి నాడి అందలేదన్నారు. ఇంకోసారి ఇట్టా వస్తే మా చేతుల్లో లేదన్నారు.”

ఆమె రెండు పొడుగు నోటుపుస్తకాలు బల్లమీద పెట్టింది. ఏడాదిగా పిల్ల నోట్లోకి వెళ్ళిన ప్రతి మెతుకూ అందులో ఉంది. పాలు మానిపించారు, తగ్గలేదు. గుడ్డు మానిపించారు, తగ్గలేదు. పప్పులు, గోధుమలు, వేరుశనగ, చేప, బజారు సరుకు, ఆఖరికి కారం, పులుపు కూడా మానిపించారు. రెండు నెలలుగా ఉప్పేసిన అన్నం తప్ప పిల్ల ఇంకోటి ఎరగదు. ఆ రెండు నెలల్లోనూ మూడుసార్లు పడింది.

“రక్తపరీక్షల్లో ఏం లేదన్నారు,” అన్నాడు భావనారాయణ.

“ఈ రకం అలర్జీ రక్తంలో కనపడదు. పేగులో దాక్కుంటుంది,” అన్నారు డాక్టరమ్మ. పూజిత ముందు మోకాళ్ళమీద కూర్చుని, “బొజ్జ ఏమంటుందమ్మా?” అని అడిగారు.

“అరుత్తది,” అంది పూజిత బొమ్మ మొహం మీద మొహం పెట్టి.

రత్నం తన వంతు అడిగింది. నూనె అడిగింది, నీళ్ళు అడిగింది, బియ్యం ఎక్కడివో అడిగింది. “మట్టి తింటదా? బలపాలు? గోడ సున్నం గోకుద్దా?”

“లేదమ్మా. నా కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తన్నా.”

డాక్టరమ్మ నోటుపుస్తకం మూశారు. “అయితే ఇంక మిగిలింది బియ్యం ఒక్కటే.”

ఆ మాట వినగానే రత్నం గుండె గుభేలుమంది. పిల్ల కోసం కాదు. పాపమో పుణ్యమో, ఆ క్షణంలో ఆవిడకి గుర్తొచ్చింది వంటింటి గోడ.

*

“రోజూ తినే అన్నం నెలకోసారే ఎందుకు పడదండీ?” అని రత్నం ఆ సాయంత్రం పోట్లాటకి దిగింది. “ఇదేమన్నా న్యాయంగా ఉందా?”

“కొంతమందికి పేగులో కోపం కొంచెం కొంచెం పోగుపడి ఒకరోజు బద్దలవుతుంది. తోడుతోపాటు ఆ కోపం కూడా నాకొస్తుంది, అవునో కాదో చూస్తేనే కదా తెలిసేది. తేల్చకుండా అన్నం ఆపేస్తే ఆ పిల్లకి తినడానికి ఇంకేం లేదు. ఆపకపోతే వచ్చేసారి బతకదు.”

“తేలితే మీకేముంటది తినటానికి?”

“బీరకాయ ఉందిగా.”

“బీరకాయ తిని మనిషి బతుకుద్దా? ఆ తోడు నాకెయ్యండి. నా కడుపు రాళ్ళు తిన్నా అరిగించుకుంటది.”

డాక్టరమ్మ నవ్వారు. “కమిటీ ఒప్పుకోదు. ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. నువ్వు రుచి చూడకపోతే వార్డులో పిల్లలకి ఎవరు వండుతారు?” అని, “నాకు యాభై ఐదేళ్ళు రత్నం. తినాల్సిన అన్నం చాలావరకు తినేశాను. ఆ పిల్ల ఇంకా మొదలే పెట్టలేదు,” అన్నారు.

పిల్ల పేగు నుంచి తీసి ల్యాబులో పెంచేసరికి వారం దాటింది. డాక్టరమ్మ తోడు తాగేముందు రోజు మధ్యాహ్నం రత్నం పాత బియ్యం ఏరికోరి అత్తెసరు పెట్టి, చారు కాచి, ఎప్పుడూ లేనిది అరిటాకు వేసి వడ్డించింది. ఆవిడ ప్రతి ముద్దా నెమ్మదిగా తిన్నారు. మెతుకు మిగల్చలేదు. “అన్నం పోయినా చారు మిగులుతుందిగా. గ్లాసులో పోసుకుని తాగుతాను,” అన్నారు చెయ్యి కడుక్కుంటూ. రత్నం ఆకు తీసేసింది. ఆ మంచితనం మీద ఆవిడకి కోపం కూడా వచ్చింది. మరీ ఇంత మంచితనమైతే పక్కనున్నవాళ్ళు ఏం కావాలి?

*

తోడు తాగిన మూడో రోజు ఆదివారం. తోడు తోడుకుంది. పొద్దున ఏడింటికి డాక్టరమ్మ పరీక్ష గదిలో మంచం మీద కూర్చున్నారు. చేతికి సెలైను, పక్కన నర్సు, ఎదురుగా పిల్ల తల్లి. రత్నం మెత్తగా ఉడికించిన అన్నం ఒక మెతుకు చెంచాలో పెట్టి ఇచ్చింది. గంట. ఏమీ లేదు. నాలుగు మెతుకులు. రెండు గంటలు. ఏమీ లేదు. గుప్పెడు.

“చెప్పండి డాక్టరుగారూ,” అంటోంది నర్సు పావుగంటకోసారి, కాగితం మీద కలం పెట్టి.

“చల్లగా దిగింది. పైకడుపులో బరువు లేదు. వేడి లేదు. ఆకలిగా ఉంది.”

పదకొండు దాటేసరికి రత్నం నెత్తిన పాలు పోసినట్టయింది. బియ్యం కాదు! వంటింట్లోకి పోయి ఎవరూ చూడకుండా కళ్ళొత్తుకుని, గోడకి దణ్ణం పెట్టింది.

డాక్టరమ్మ మాత్రం సంతోషించలేదు. “బియ్యం కాకపోతే మరేది?” అంటూ ఆ నోటుపుస్తకాలే మళ్ళీ తిరగేస్తున్నారు. తోడు ఉండేది ఇంకా నాలుగు రోజులు.

ఆ సాయంత్రం నాలుగింటికి వార్డులో పూజిత పడిపోయింది. పదకొండు రోజులుగా ఆసుపత్రిలో రత్నం చేతి అన్నం తప్ప ఏమీ తినని పిల్ల, పదకొండు రోజులూ లేడిపిల్లలా గెంతిన పిల్ల, గంటలో ఇరవైసార్లు వాంతి చేసుకుని బట్టలా వాలిపోయింది. నలుగురు పట్టుకుని సెలైన్లు ఎక్కించి, రెండు గంటలు కిందామీదా పడితే ప్రాణం నిలబడింది.

ఎవరూ రత్నాన్ని ఒక్క మాట అనలేదు. అననక్కర్లేదు కూడా. పిల్ల తిన్నది ఆవిడ వండిందే. ఆవిడ వంటింట్లో ఏదో కలిసిందని నర్సుల చూపులు చెబుతూనే ఉన్నాయి. తొమ్మిదేళ్ళుగా గిన్నెలు ముమ్మారు తోమి, గరిటెలకి రంగుదారాలు కట్టి విడివిడిగా వాడిన మనిషికి అంతకంటే అవమానం ఏముంటుంది? క్యాంటీనువాళ్ళు కూడా ఆ రోజు పరాచికం ఆడలేదు. అది ఇంకా బాధనిపించింది.

సోమవారం పొద్దున ఆవిడ వార్డులో పిల్ల మంచం పక్కన స్టూలు వేసుకుని బైఠాయించింది. “నా చేతి వంటలో తప్పుంటే నా కళ్ళతోనే చూస్తా,” అంది మాధురితో. ఏం తింటుందో కాదు, ఏం చేస్తుందో చూడ్డం మొదలుపెట్టింది.

పిల్ల నీరసంగా పడుకుని ఉంది. గుండెలమీద బొమ్మ. నిద్ర మత్తు కమ్ముతుంటే బొమ్మ జడ కొస నోట్లో పెట్టుకుని, పాలపీక చీకినట్టు నెమ్మదిగా చీకసాగింది.

“ఈ జడ...” అంది రత్నం. “మొన్న ఎర్రగా పచ్చగా ఉండేదిగా. ఇప్పుడు నీలంగా ఉందేంటి?”

“నిన్న మధ్యాన్నం వాళ్ళ నాన్న తెచ్చాడమ్మా,” అంది మాధురి. “మగ్గం మీద చీరలు కోసినాక పోగులు మిగులుతయ్యిగా. పడుగు అయిపోయినప్పుడల్లా ఆ పోగులతో దాని బొమ్మకి కొత్త జడ అల్లి ఇస్తాడు. పుట్టినకాణ్ణించీ అదే దాని ఆట.”

“పడుగు ఎన్నాళ్ళకోసారి అయిపోద్ది?”

“నెలకి. జోరుగా నేస్తే ఇంకా ముందే.”

రత్నం జడ కొసని పిల్ల నోట్లోంచి మెల్లగా తీసింది. తడిసిన చోట మెత్తగా ఉంది, తడవని చోట బిరుసుగా, మెరుస్తూ ఉంది. ఆ బిరుసుతనం ఆవిడ వేళ్ళకి నలభై ఏళ్ళుగా తెలుసు. రత్నం పెడనలో పుట్టింది. వాళ్ళ నాన్న కూడా మగ్గం మనిషే. పొద్దున్నే వీధి పొడుగునా పడుగు, అంటే నిలువు పోగులు, సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వేవాళ్ళు. ఉత్త బియ్యం గంజి అయితే పోగు తెగుతుందని వాళ్ళ నాన్న అందులో చింతగింజలు వేయించి, దంచి, ఆ పొడి కలిపేవాడు. ఆ దంచే పని రత్నానిదే. జడని నాలిక్కి తగిలించి చూసింది. ఆ వగరు అదే; పాత జడలో గంజి చీకి చీకి ఎప్పుడో పోయింది, ఇది కొత్తది.

నూలు తిండి కాదు. తిండి కానిది తిండి పుస్తకంలోకి ఎక్కదు. నేతవాళ్ళింట్లో పుట్టి పెరిగిన పిల్ల నోట్లో నూలు కనిపిస్తే, మిగతావాళ్ళకి పిల్ల నోట్లో వేలు కనిపించినట్టే. మాధురి ఏడాది పాటు కళ్ళల్లో వత్తులేసుకుని చూసింది గానీ, దాన్ని మాత్రం చూడలేదు.

రత్నం జడ పట్టుకుని పరుగులాంటి నడకతో డాక్టరమ్మ గదికి వెళ్ళింది. వగరుస్తూ అంతా చెప్పింది. డాక్టరమ్మ పుస్తకాలు తెరిచి, మాధురిని పిలిపించి అడుగుతూ, పిల్ల పడిన తేదీలన్నిటి పక్కనా పడుగు అయిపోయి కొత్త జడ అల్లిన తేదీలు వేశారు. ఒక్కటి తప్ప అన్నీ అతికాయి. ఆ ఒక్కటీ పెదనాన్న కూతురి పెళ్ళిలో కప్పు ఐస్‌క్రీమ్ తిన్న రోజు.

“ఐస్‌క్రీములో కూడా ఆ పొడి వేస్తారు, చిక్కబడ్డానికి,” అన్నారు డాక్టరమ్మ నెమ్మదిగా. “కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే విన్నాం. నువ్వు ఎలుకను చూపించి కొండను పట్టించావు రత్నం.”

అంతలో వచ్చిన భావనారాయణ తలుపు దగ్గరే నిలబడిపోయాడు. చేతులు రెండూ ముందుకి చాచి వాటివైపే చూసుకుంటున్నాడు. “అయితే నేనేనా అండీ? నా చేతుల్తో నేనే అల్లి ఇచ్చానా?”

“మీరు జడ అల్లకపోతే ఇది ఎప్పటికీ దొరికేది కాదు,” అన్నారు డాక్టరమ్మ. “ఏ పార్టీలోనో జెల్లీ తిని, ఎందుకో ఎవరికీ తెలియకుండా పోయేది పిల్ల. కూర్చోండి. ఇది ఇంకా అనుమానమే. రేపు తేలుస్తాను.”

*

మంగళవారం జడని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు ఒక చెంచాడు తాగారు. గంటన్నర దాకా ఏమీ లేదు. తర్వాత డాక్టరమ్మ మొహం పాలిపోవడం రత్నం చూసింది.

“రాసుకో,” అన్నారు నర్సుతో. “బొడ్డు దగ్గర కాదు, దానికి పైన. లోపల ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టుంది. నోట్లో నీళ్ళూరుతున్నాయి. వెలుగు చూడలేకపోతున్నాను. చెవుల్లో హోరు... పిల్ల అరుపంటున్నది ఇదే. బొజ్జ అరవడం కాదు, చెవుల్లో అరుపు. భయంగా ఉంది. కారణం లేదు, ఉత్త భయం. ఇది కూడా రాయి, ఇది ముఖ్యం.”

తర్వాత మాటలు ఆగాయి. పన్నెండు వాంతులు. రత్నం ఆవిడ నుదురు పట్టుకుని కూర్చుంది. సెలైను జోరు పెంచారు. మధ్యాహ్నం రెండింటికి కళ్ళు తెరిచి మొదట చూసింది మాధురి వైపు.

మాధురి మంచం కాళ్ళ దగ్గర చతికిలబడి ఏడుస్తోంది. “ఇంత బాధా అమ్మా? నాకు తెలవదు. ఓసారి బడికి ఎగనామం పెట్టటానికి నాటకాలాడతందని వీపు మీద రెండేశాను.”

“పిల్ల చెప్పలేకపోయింది. మీకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది కదమ్మా,” అన్నారు డాక్టరమ్మ నీరసంగా.

తల్లికి బిడ్డ బాధని బిడ్డ మాటగా చెప్పగలిగే డాక్టర్లు ఎంతమంది ఉంటారు? రత్నానికి ఆ పూట ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే తిడతారని ఊరుకుంది.

మర్నాడు డాక్టరమ్మ, “గింజ పడదని తేలింది. గుజ్జు సంగతి కూడా చూడాలి. లేకపోతే పిల్లకి జన్మలో పులుసు లేకుండా పోతుంది,” అన్నారు. “చారు పట్రా.”

రత్నం అప్పుడు వార్డు పిల్లల వంటలో తలమునకలుగా ఉంది. గబగబా చింతపండు పిసికి, పొంగు రాకముందే దించి ఇచ్చింది. మిరియాలు నిన్నటివి. కరివేపాకు కోసం పెరట్లోకి వెళ్ళే తీరిక లేదు. డాక్టరమ్మ గ్లాసుడు తాగారు. సాయంత్రం దాకా చూశారు. ఏమీ కాలేదు. గుజ్జు మంచిదే. పూజిత చారు తినొచ్చు, పులిహోర తినొచ్చు, పప్పు, పాలు, గుడ్డు, లోకంలో ఉన్నవన్నీ తినొచ్చు. చింతగింజ ఒక్కటీ తప్ప.

గురువారం తోడు కడిగేసుకున్నారు. జాబితాలో పదిహేడో వరస రాస్తూ, “చింతగింజ! పోతే పోయింది పీడ. అదెవరు తింటారు?” అని రత్నం సుద్దముక్క విసిరేసింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి డాక్టరమ్మ ఏమీ పోగొట్టుకోకుండా ఒక పిల్ల బతికింది. అది తన వల్ల. రత్నం ఆ వారమంతా నేలమీద నడవలేదు.

పదిహేను రోజులు గంజి మీదుండి, కడుపు కుదుటపడ్డాక డాక్టరమ్మ మొదటిసారి చారు అన్నం తిన్నారు. రెండు గంటలకి పడిపోయారు.

పదిహేడు సార్లు దెబ్బతిన్న కడుపది. తాడుని చూసినా పామంటుంది. తోడు ఉన్నన్నాళ్ళూ గింజకీ గుజ్జుకీ తేడా తెలిసింది. తోడు కడిగేశాక మిగిలిన మొరటు జ్ఞాపకానికి ఆ తేడా తెలియలేదు. చింత అనేది ఏదైనా సరే తరిమేయడమే దాని పని.

“ఈ కడుపుకి తేడాలు తెలియడం లేదని చాలా రోజుల నుంచే అనుమానం ఉంది నాకు. చెబితే నువ్వు ఆ జడ సంగతి నాతో అనేదానివా?” అన్నారు డాక్టరమ్మ మంచం మీదనుంచి.

అనేదాన్నే, అందామనుకుంది రత్నం. అనే ముందు ఒక్క క్షణం ఆగి ఉండేదాన్నేమో అని కూడా అనిపించింది. వంటింట్లోకి పోయి ‘గింజ’ని కొట్టేసి ‘పండు’ అని దిద్దింది. అన్నం దక్కించాననుకుని మురిసిన మనిషి, తన చేత్తోనే చారు లాగేసుకుంది. అంతకంటే బాధపెట్టింది ఇంకోటి. డాక్టరమ్మ కడుపున నిలిచిన ఆఖరి చారు కరివేపాకు కూడా వేయనిది, పొంగు కూడా రానిది.

*

మూడు నెలల తర్వాత పూజిత వచ్చింది. గుర్తుపట్టలేనంతగా బుగ్గలు వచ్చాయి. బొమ్మకి పసుపుపచ్చ జడ. “మూడుసార్లు వేణ్ణీళ్ళలో ఉతికి అల్లానండీ,” అన్నాడు భావనారాయణ ఎవరూ అడక్కముందే. “మా ఇంట్లో పడుగుకి ఇప్పుడు ఒట్టి బియ్యం గంజే. పోగులు తెగుతున్నయ్యి, తెగనీ.”

భోజనాల వేళయింది. రత్నం పిల్లని వంటింట్లోనే పీట వేసి కూర్చోబెట్టింది. ఆ రోజు పొద్దున్నుంచీ ఆవిడ ఒకటే పని చేసింది. కొత్త చింతపండు నానబెట్టి, మిరియాలు జీలకర్ర అప్పుడే దంచి, మూడు పొంగులు రానిచ్చి, పెరట్లో కరివేపాకు రెబ్బ అప్పుడే తుంచి వేసింది. ఆ వాసన వరండా దాకా పోయింది. అది తప్పని ఆవిడకి తెలుసు. డాక్టరమ్మ గది ఆ పక్కనే.

డాక్టరమ్మ తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. రత్నం చేతిలో గరిటె ఆగిపోయింది. ఆవిడ లోపలికొచ్చి, పిల్ల ఎదురుగా ఇంకో పీట వాల్చుకుని కూర్చున్నారు.

పూజిత చారు అన్నం జుర్రుకుంటోంది. మోచేతిదాకా కారుతోంది.

“ఎలా ఉందమ్మా?” అన్నారు డాక్టరమ్మ.

“బాగుంది.”

“అలా కాదు. సరిగ్గా చెప్పు. ముందు ఎక్కడ తగిలింది?”

పిల్ల నమలడం ఆపి ఆలోచించింది. “ముందు కాలింది. నాలిక చివర.”

“తర్వాత?”

“తర్వాత పుల్లగా... ఇక్కడ లాగింది,” అంటూ చారు చేతి వేలితో చెవి కింద చూపించింది. “తర్వాత గొంతులో గిచ్చింది.”

“మిరియం. తర్వాత?”

“తర్వాత ఏదో ఆకు వచ్చింది. నమిలా. వాసన ముక్కులోకి పోయింది.”

డాక్టరమ్మ కళ్ళు మూసుకున్నారు. “లోపలికి దిగాక?”

“వెచ్చగా ఉంది. బొజ్జ ఏమీ అనట్లేదు.” పిల్ల ఆగి, ఆవిడ మొహంలోకి వింతగా చూసి, “ఇంకొంచెం కావాలంటంది,” అంది.

డాక్టరమ్మ కళ్ళు తెరవకుండానే గుటక వేశారు. రత్నం పిల్ల పళ్ళెంలో ఇంకో గరిటె పోసింది. ఆ రోజు పూజిత మూడుసార్లు పోయించుకుని, మూడుసార్లూ మొదట్నుంచీ చెప్పింది.